నలభై ఒకటో పేజీ

దర్జీ అక్క కుట్టుమిషను పక్కన రెండు పుస్తకాలుంటాయి. ఒకటి లావుపాటి పాత ఫ్రెంచి నవల, రెండోది అట్ట ఊడిన నిఘంటువు. నవల్లో కష్టమైన మాట ఎదురైనచోట ఆగి, రోజుకొక్కటి నేర్చుకుంటుంది, అంతే. దాన్ని కుడుతున్న గుడ్డ లోపలివైపు సుద్దతో రాసుకుని, కుట్టు పూర్తయ్యేదాకా పెదాల మీద ఆడించుకుంటుంది. తర్వాత దులిపేస్తుంది. ఒక్కోసారి మరిచిపోతుంది కూడా. సాయంకాలపు మసకవెలుగుకి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న మాటొకటి అలాగే ఓ గుమాస్తా కోటులో దాక్కుని ఊరంతా తిరిగింది.

ఆరేళ్లకి నలభై ఒకటో పేజీ వచ్చింది. నవల్లో పిల్ల ఇంకా గుర్రబ్బండి దిగుతూనే ఉంది. చినుకులు, తడిసిన చేతితొడుగు, గుర్రం వీపు మీంచి లేచే ఆవిరి. కిటికీలోంచి చూస్తే అక్కకి వీధిలో అవే కనిపిస్తాయి.

జాకెట్ల కోసం వచ్చిన టీచరమ్మ పుస్తకం చూసి ఉండబట్టలేకపోయింది.

"పాపం, చివర్లో ఆ పిల్ల చచ్చిపోతుంది కదమ్మా."

అక్క నోట్లోని గుండుసూది తీసి, మిగిలిన పేజీల మందం వేళ్లతో కొలిచింది.

"నా నడకకి ఇంకో ఎనభై ఏళ్లు పడుతుందండీ. నేనున్నంతకాలం ఆ పిల్లకి ఢోకా లేదు."