ఏమోయ్, మనవాడొచ్చాడు

అతని పేరు మాకు ఈనాటికీ తెలియదు. అమెరికన్ సీరియళ్లలో కనిపించే నటుడు. ఒకదాన్లో జడ్జి, ఇంకోదాన్లో పోలీసు పెద్ద, మరోదాన్లో హీరోయిన్ తండ్రి. ఎక్కువగా మాత్రం చెడువార్త చెప్పే డాక్టరు. ఏళ్ల తరబడి టీవీలో ఉన్నా హీరో అయిన పాపాన పోలేదు. సోమవారం తెల్లజుట్టుతో చచ్చిపోయినవాడు మంగళవారం ఏదో పాత సీరియల్లో నల్లజుట్టుతో దిగేవాడు. చివర్న పేర్లు పడేలోపే తరువాతి ఎపిసోడ్ మొదలైపోయేది. అందుకే మావారు అతనికి ‘మనవాడు’ అని పేరు పెట్టేశారు. అతను కనిపిస్తే చాలు, వంటింట్లో ఉన్న నాకు కేక: “ఏమోయ్, మనవాడొచ్చాడు!” కూర మాడినా సరే, వెళ్లి చూడాల్సిందే.

పోయిన చలికాలం మావారికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత తిరిగొచ్చాయి, మాట రాలేదు. ఇక్కడ న్యూజిలాండ్‌లో హామిల్టన్ చుట్టుపక్కల డైరీ ఫారాలన్నీ తిరిగి పాలు పితికే మెషిన్లు బాగుచేస్తూ, కనిపించిన ప్రతివాడితో గంటసేపు కబుర్లాడిన మనిషి ఆయన. మాట నేర్పడానికి వారానికోసారి ఒక కివీ అమ్మాయి ఇంటికి వచ్చేది. మూడు నెలల్లో మెరుగు కనిపిస్తేనే కొనసాగిస్తారట. దానికి ముందుగా ఒక లక్ష్యం రాసుకోవాలట. మిమ్మల్ని పిలవడమే లక్ష్యంగా పెడదామని, ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడిగింది.

నా పేరు చెప్పాను. పచ్చి అబద్ధం. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, నేనూ అంతే. ఆ మాట చెబితే మమ్మల్ని వింతగా చూస్తుందేమోనని సిగ్గేసింది. ఆ అమ్మాయి నా పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్లింది.

మూడు నెలలు నా ఫొటో నేనే పట్టుకుని, నా పేరు నేనే పలుకుతూ, అనండి, అనండి అని ఆయన వెంటపడ్డాను. పెదవులు కదిలేవి, నుదుట చెమట పట్టేది, మాట మాత్రం వచ్చేది కాదు. ఒకరోజు ఓపిక చచ్చిపోయి, ఈ ఒక్కటీ చెప్పలేరా అని అరిచాను. ఆయన తల దించుకున్నారు. అలా అరిచినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

చివరి రోజు కూడా ఆయన చెప్పలేకపోయారు. భార్యను పిలవలేకపోతున్నారని రాసుకుని, నన్ను ఓసారి కావలించుకుని ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత చపాతీపిండి కలుపుతున్నాను. హాల్లోంచి వినిపించింది.

“ఏమోయ్.”

పిండి చేతులతోనే పరిగెత్తాను. టీవీలో మనవాడు. ఈసారి డాక్టరు కాదు, రోగి. మంచం మీద పడుకోబెట్టారు, పాపం ఒక్క డైలాగూ ఇవ్వలేదు. మావారు మంచి చెయ్యెత్తి అతన్ని చూపించారు. “మన...” అని ఆగిపోయారు.

“అవునండి, మనవాడే,” అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పేరు చెప్పారా అని సంబరపడింది. పేరు కాదు, నన్ను పిలిచారు అన్నాను. అప్పుడు నా అబద్ధం సంగతంతా చెప్పక తప్పలేదు. ఈ మాట మొదటే తెలిసి ఉంటే దాంతోనే మొదలుపెట్టేవాళ్లం అని ఆమె మెల్లగా అంది. ఫైలు మూసేశారట. డాక్టరు మళ్లీ లెటర్ రాయాలి, మళ్లీ లైన్లో చివర నిలబడాలి.

ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను. ఎపిసోడ్ వెనక్కి తిప్పి మళ్లీ వేసి, వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. మనవాడి మంచం సీను వచ్చిందని టీవీ చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. పిలుపు రాలేదు. మళ్లీ వెనక్కి తిప్పాను.