పక్క తిప్పినట్టు పెట్టిన సంతకాలు

మొన్న శుక్రవారం షరఫియా బజారులో దర్జీకి యూనిఫాం కొలతలిస్తుంటే, నర్సుగా కొత్తగా వచ్చిన పాలకొల్లు అమ్మాయి ఒకతె, మంచాన పడ్డవాళ్లను చూసే కేంద్రంలో పని ఆస్పత్రి కన్నా తేలికటగా ఆంటీ, చేరమంటారా అని అడిగింది. ఏదో తలూపి వచ్చేశాను గానీ, జెద్దా వచ్చి ఇన్నేళ్లయినా ఎవరితోనూ చెప్పుకోని సంగతి ఒకటి ఆ మాటతో పైకి తేలింది.

నేను మొదట చేరింది అభాలో, అలాంటి కేంద్రంలోనే. కొండల మీది ఊరు కావడంతో పొద్దున్నే పొగమంచు కిటికీల దాకా వచ్చేది, నర్సాపురం ఉప్పుగాలికి అలవాటైన నాకు ఆ చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. లేవలేనివాళ్లు ముప్పై మందికి పగటి డ్యూటీలో ఇద్దరమే నర్సులం, నేనూ, నాకన్నా పదేళ్లు పెద్దదైన గుడివాడ ఆవిడా. ఆవిణ్ని అక్కా అనేదాన్ని. నాకు నాలుగు అరబ్బీ ముక్కలు నేర్పిందీ, గదిలో తలుపేసుకుని చేసుకునే ప్రార్థనలో పక్కన కూర్చోబెట్టుకున్నదీ ఆవిడే.

కిటికీ పక్క మంచంలో పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. కుడిచెయ్యి ఒక్కటే ఆడేది. గంజి పట్టిస్తుంటే ఆ చేత్తో నా మణికట్టు పట్టుకుని బింతీ, అంటే నా బిడ్డా, అనేది. అలాంటివాళ్లను ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పి, మంచానికి కట్టిన కాగితంలో సంతకం పెట్టాలి. ఆ కాగితం బాధ్యత ఒక రోజు నాది, ఒక రోజు అక్కది. డైపర్లు, ట్యూబు తిండ్లు, మందులు అయ్యేసరికి ఒక్కోసారి పూట గడిచిపోయినా ఆ మంచం దాకా వెళ్లలేకపోయేవాళ్లం. అప్పుడు గడి ఖాళీగా ఉండిపోయేది.

ఒక ఉదయం ఒళ్లు తుడుస్తుంటే ఆవిడ నడుం కింద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనబడింది. వారం తిరిగేసరికి అది నా పిడికిలి పట్టేంత పుండయింది. ఇంతలో తనిఖీకి వస్తున్నారని తెలిసి, మేట్రన్ మా ఇద్దరినీ పిలిచి ఆ నెల కాగితాలు ముందు పెట్టి ఖాళీలు నింపమంది.

"తిప్పలేదు మేడమ్. మనుషుల్లేక తిప్పలేకపోయాం. కావాలంటే అదే రాస్తాను" అంది అక్క, గొంతు పెంచకుండానే.

మేట్రన్ నావైపు చూసింది. అప్పుడు నా ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, రెన్యువల్‌కి వెళ్లి ఉంది. నేను పెన్ను తీసుకున్నాను. నా రోజుల్లోని ఖాళీలన్నీ నింపాను, అనుమానం రాకుండా మధ్యలో పెన్ను మార్చి మరీ నింపాను. ఆ తెలివి నన్నెవరూ అడగలేదు.

వార్డుకి తిరిగొస్తుంటే అక్క "ఎందుకు పెట్టావే?" అని మాత్రం అంది.

నా రోజులు నిండుగా, అక్క రోజులు ఖాళీగా కనబడేసరికి పుండు ఆవిడ నిర్లక్ష్యం వల్లే వచ్చిందని తేల్చారు. పది రోజుల్లో పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేశారు. వెళ్తూ వెళ్తూ అక్క తన స్వెట్టరు నా మంచం మీద పెట్టి వెళ్లింది.

ఆ పుండు విషమించే పెద్దావిడ పోయింది. జెద్దా నుంచి కారు వేసుకొచ్చిన కొడుకు, కాగితాల్లో నా సంతకాలు చూసి నన్ను అడిగి మరీ పిలిపించుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మా అమ్మకి కూతురిలా చేశావు" అన్నాడు. కాదని చెప్పడానికి నాకు అరబ్బీ చాలినంత వచ్చు. తల వంచుకుని నిలబడ్డాను.

ఇప్పుడు నేను చేసేచోట గాలి పరుపులున్నాయి, ఒక్కో నర్సుకి ఆరుగురే. కంప్యూటర్లో 'చేయలేదు, కారణం' అని ఒక గడి ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు మనుషులు చాలలేదని అందులో రాసేసి, ఏ బెదురూ లేకుండా టీకి వెళ్తారు. వాళ్లను చూస్తే సంతోషంగానే ఉంటుంది, కాసేపటికి అసూయ పుడుతుంది. ఆ రోజుల్లో ఇలాంటి గడి ఉంటే నేనూ నిజమే రాసేదాన్నని చాలాసార్లు అనుకోబోతాను. అక్కకీ ఆ గడి లేదు.