చింతగింజలతో కొలిచిన నొప్పి

పోయిన వారం పన్ను పీకించుకొని వచ్చి చాయ్ తాగుతుంటే, సగం చాయ్ గడ్డం మీదుగా చీర మీదికి కారిపోయినా నాకు తెలియనే లేదు. పెదవి ఇంకా మొద్దుబారే ఉంది. వేలితో నొక్కుకుంటే ఎవరి పెదవినో నొక్కినట్టుంది. అలా కూర్చొని ఉండగా, బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజుల్లో గీదం దారిలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను చేసిన పని గుర్తుకొచ్చింది.

మాది శబరి నది ఒడ్డున కుంట అనే ఊరు. ఉప్పు, బట్టలు అమ్ముకునే ఇల్లు కావడంతో దోర్లీ, గోండీ, హల్బీ చిన్నప్పుడే నోటికి వచ్చేశాయి. ఇరవయ్యేళ్ళకే భర్త పోయిన నన్ను నర్సు పనికి తీసుకున్నది ఆ భాషల కోసమే.

మా డాక్టరుగారు మద్రాసులో చదివిన మనిషి, మితభాషి. ఈథర్ మత్తులో కాలో చెయ్యో తీసేస్తున్నప్పుడు రోగికి తెలియదు సరే, లేచాక పడే బాధ మాటేమిటన్నది ఆయనను పట్టుకుంది. కోసే ముందే ఆ నరం పక్కన మొద్దుబారే మందు సూదితో ఎక్కిస్తే తర్వాతి నొప్పి తగ్గుతుందేమో తేల్చుకోవాలని, ఒకరికి సూది వేసేవారు, తర్వాతివారికి మానేసేవారు. వచ్చిన వరుసే వరుస. ముఖం మీది గుడ్డపై ఈథర్ చుక్కలు వేయడం, రోగి లేచాక అతని ముందు పది చింతగింజలు పోసి, నొప్పి ఎంతుంటే అన్ని పక్కకు తీయమని అడగడం, అది పుస్తకంలో రాయడం నా వంతు. మొదట్లో ప్రతి మూలుగుకూ పరుగెత్తేదాన్ని. పోనుపోను మూలుగులు నా చెవిన పడడం మానేశాయి.

ఒక వానాకాలం మా అన్నను మంచం మీద మోసుకొచ్చారు. దుంగల బండి మోకాలి కిందుగా ఎక్కి కాలు నుజ్జయింది; తీసేయక తప్పదన్నారు డాక్టరుగారు. అతనికి ముందు వచ్చిన మనిషికి సూది పడింది. అంటే అన్నకు పడదు. వార్డులో విని సంగతి తెలుసుకున్న వదిన నా చెయ్యి పట్టుకుంది.

"నీ పుస్తకంల ఏమన్న రాస్కో గాని, ఆయనకు గా సూది ఎయ్యమని చెప్పరాదే!"

వరుస తప్పితే ఇన్నాళ్ళ పని పాడవుతుందని చెప్పి, చెయ్యి విడిపించుకొని ఈథర్ సీసా అందుకున్నాను.

అన్న లేచాక గింజలు పోశాను. ఒళ్ళంతా చెమట, దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. నా మొహం వంక చూసి ఒక్క గింజ పక్కకు తీశాడు.

"నిజం చెప్పన్నా."

"ఏందే చెల్లె, చెప్తలేనా? ఒక్కటే. రాస్కో పో."

రాశాను. ఆ పూట భోజనం కూడా చేశాను.

మూడో రోజు దుప్పటి మారుస్తుంటే, అతను నొప్పికి ఓర్చుకోలేక కొరికిన తువ్వాలు తలగడ కింద దొరికింది, చిరిగి, నెత్తుటి మరకలతో. దాన్ని డాక్టరుగారి బల్ల మీద పెట్టి, నేను రాసింది అబద్ధమని చెప్పాను. ఆయన లేచి వెళ్ళి, కోత అయిపోయినా, అన్నకు ఆ సూదే వేశారు. ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరికీ వేశారు. పుస్తకం మళ్ళీ తెరవలేదు.

అన్న కర్ర సాయంతో జగర్గుండా సంతకు తిరిగి, ముసలితనంలో కన్నుమూశాడు. ఆ సంగతి మా మధ్య ఎన్నడూ రాలేదు. అతను పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు మందు ఎవరి మీదైనా పరీక్షించాలంటే, ముందు వాళ్ళకు విడమరచి చెప్పి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టించుకుంటారట. మేమూ చెడ్డవాళ్ళం కాదు, ఎవరికీ కీడు తలపెట్టలేదు. కానీ ఆ మంచాల పక్కన నిలబడి, నీకు ఇష్టమేనా అని ఒక్కరినీ అడగలేదు. అడగాలన్న ఊహే మాకు రాలేదు.