కొండ మీద ఆగిన గుంపు

నా చిన్నప్పుడు మేము సౌదీలోని అబహాలో ఉండేవాళ్ళం. సౌదీ అంటే ఇసుకే అనుకుంటారుగానీ, అది మబ్బులు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చే కొండ ఊరు. ఆ ఏడాది మా అమ్మకి రెండో కాన్పు. పాపాయి పుట్టిన సాయంత్రమే పోయింది.

మా గోదావరి వైపు ఒక అలవాటు ఉంది. అలాంటి తల్లి ఇంటికి వచ్చేలోపు బిడ్డ కోసం దాచిన బట్టలన్నీ తీసేస్తారు. తరవాత ఎవరూ ఆ ఊసెత్తరు. మా ఇంట్లో ఆ పని పక్కింటి అక్క చేసింది. ఆమెదీ మా వైపే, అక్కడ ఆసుపత్రిలో నర్సు. అమ్మ వస్తూనే బీరువా తెరిచి చూసి, మూసేసింది. ఇక ఎవరితోనూ మాట్లాడలేదు. ఇలాగే ఉంటే మనిషి మనకి దక్కదని అక్క నాన్నతో అనడం నా చెవిన పడింది.

ఒక శుక్రవారం నాన్న అక్కతో సహా మా అందరినీ కొండపైన అసీర్ నేషనల్ పార్కుకి తీసుకెళ్ళాడు. సరుగుడును తలపించే జునిపెర్ చెట్లు, వాటి మధ్య పొగమంచు. అందులోంచి కోతులు గుంపుగా వచ్చాయి. కుక్కలా పొడుగు మూతి, మగవాటికి భుజాల నిండా వెండిరంగు జూలు.

"చూడు పిన్నీ, ఆ పెద్దాయన సన్మానం చేయించుకుని శాలువాతో వస్తున్నట్టు లేడూ!" అంది అక్క.

అమ్మ నవ్వలేదు. అందరికన్నా వెనక వస్తున్న ఆడకోతినే చూస్తోంది. అది ఒక చేత్తో పిల్లను పొట్టకి అదుముకుని, మిగతా మూడు కాళ్ళ మీద కుంటుతూ వస్తోంది. పిల్ల తల వేలాడుతోంది. నిద్రపోతోంది కాబోలనుకున్నాను. నాన్నకి అర్థమై అమ్మని కారు వైపు తిప్పబోయాడు. అమ్మ కదల్లేదు.

ఆ కోతి అలిసి కూలబడింది. ముందు వెళ్ళినవన్నీ ఆగిపోయాయి. జూలు పెద్దది వెనక్కి వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది. ఏదీ పిల్లను లాక్కోలేదు. తల్లి దాని బొచ్చు మెల్లగా సవరించుకుంటూ కూర్చుంది. అది లేచాకే గుంపు కదిలింది.

అక్క కళ్ళు తుడుచుకుంది. "బట్టలు నా దగ్గరే ఉన్నాయి పిన్నీ. ఇంటికెళ్ళగానే తెచ్చిస్తాను. పాపకి ఏం పేరనుకున్నావు?"

అమ్మ పేరు చెప్పింది. చెప్పి, అక్కడే కూలబడి గొంతు పోయేలా ఏడ్చింది. ఊరుకోమనబోయిన నాన్నని అక్క చెయ్యి పట్టి ఆపింది. అమ్మ తనంతట తాను లేచేదాకా మేమంతా ఆ మంచులోనే చుట్టూ కూర్చున్నాం.

ఇప్పుడు మళ్ళీ సౌదీలోనే, జుబైల్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. ఏ ఇంట్లోనైనా బిడ్డ పోయిందంటే వెళ్తాను. మరిచిపొమ్మని చెప్పను. పక్కన కూర్చుని పేరు అడుగుతాను. ఆ తల్లి లేచేదాకా నేనూ లేవను.