మూడు వరసల ఇటుకలు

నిన్న ప్రహరీ మట్టం చూడటానికి మేస్త్రి నీళ్ళు నింపిన ట్యూబు విప్పి, ఒక కొస నా చేతికిచ్చాడు. ఎండకు వేడెక్కిన ఆ ప్లాస్టిక్ వాసనకే చిన్నప్పటి మా తోట గుర్తొచ్చింది.

కారమడై దగ్గర మా తోటలో గట్టు మీద ట్యాంకు కడితే, నీళ్ళు వాటంతట అవే వంటింటికి దిగుతాయని నాయన లెక్క. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అలాంటి ట్యూబే నాకు పట్టించి, వంటింటి గోడ మీద కుళాయి ఎత్తున గీసిన సుద్దగీత దగ్గర నిలబెట్టి, రెండో కొసతో ఆయన గట్టెక్కాడు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. దాన్నిబట్టే ట్యాంకు ఎత్తు.

చెయ్యి నొప్పెట్టి నా కొస వంగింది. నీళ్ళు పాదాల మీద ఒలికాయి.

"గీతకి సరిగా ఉండాదా, కన్నూ?" గట్టు మీంచి నాయన కేకేశాడు.

"ఉండాది, నాయనా!"

నీళ్ళు గీతకి జానెడు కిందున్నాయి.

ఆయన అక్కడి రాతి మీద గుర్తు పెట్టాడు. ట్యాంకు కింది దిమ్మె ఆ గుర్తుదాకా లేచాక ఇంకో మూడు వరసలు కట్టించాడు.

"ఎందుకురా అన్ని ఇటుకలు?" అంది అవ్వ.

"ఇరుక్కట్టుం, ఉండనీమ్మా."

గట్టిదనానికేమో అనుకున్నాను. వాల్వు తిప్పిన రోజు కుళాయి బుసకొట్టి గాలే కక్కింది. బిందె పట్టుకున్న అవ్వ నాయన వైపు చూసింది. నా వల్లేనని చెప్పబోయాను. అంతలో నీళ్ళు దూకాయి. నా అబద్ధం ఎవరికీ తెలియలేదనుకున్నాను.

నిన్న మేస్త్రి కొసలోంచి నీళ్ళు కాస్త ఒలికాయి. అదే క్షణాన నా కొసలోనూ నీళ్ళు చటుక్కున దిగాయి.

గీతకి సరిగా ఉండాదా అని నాయన అడిగింది, తన కొసలో అది చూశాకే.