కాలు నిలవని కేశవరావు

ఢిల్లీ ద్వారకలోని ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీలో కేశవరావు నడక ఎరగనివాళ్ళు లేరు. పొద్దున్నే పాల వ్యాన్ రాకముందే పార్కు చుట్టూ తిరిగేవాడు. ఆఫీసు నుంచి వచ్చాక టీ కప్పు చేత్తో పట్టుకుని మళ్ళీ తిరిగేవాడు. "సెహత్ బనా రహే హై, రావు సాబ్?" అని, ఆరోగ్యం పెంచుకుంటున్నారా అన్నట్టు, ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే తల ఊపేసి సాగిపోయేవాడు. జవాబు చెప్పాలంటే నిలబడాలి. ఆ నిలబడటమే ఆయన వల్ల కాని పని.

ఒకప్పుడు అలాంటి మనిషి కాదు. విజయనగరం దగ్గర పుట్టి, పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, వయసంతా ఢిల్లీలో ఫైళ్ళ మధ్యే గడిపాడు. కుర్చీలో కూర్చుంటే లంచ్ దాకా లేవడని ఆఫీసులో పేరు. అలాంటివాడికి ఒక వానాకాలంలో అనుమానం పట్టుకుంది. పక్క సీట్లవాళ్ళు తన గురించే గుసగుసలాడుతున్నారన్నాడు. తన ఫోను ఎవరో వింటున్నారన్నాడు. ఒకరోజు ఇంట్లో ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో దాచేసి, భార్య జానకిని గుమ్మం దాటనివ్వలేదు. ఆమె ఏడ్చి, బతిమాలి, కాలేజీలో చదువుతున్న కూతురు హాసిని సాయంతో ఆయన్ని ఒక పెద్ద సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

మందులు పనిచేశాయి. అనుమానాలు ఒక్కొక్కటే సడలాయి. "బియ్యం డబ్బాలో ఫోన్లేటి, నా బుర్రేటి!" అని తనే నవ్వుకునే దాకా వచ్చాడు.

కాళ్ళ గొడవ ఆ తరవాత మొదలైంది. కూర్చుంటే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టుండేది. లేచి నాలుగడుగులు వేస్తే కాస్త హాయి, అంతలోనే మళ్ళీ అదే బాధ. కంచం చేత్తో పట్టుకుని హాల్లో తిరుగుతూ అన్నం తినేవాడు. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడి ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతుంటే, ఎదుటివాళ్ళు బ్యాగులు ఒళ్ళోకి లాక్కునేవారు. ఉండలేక మధ్యలో దిగిపోయి, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, తరవాతి రైలు ఎక్కేవాడు.

"నాన్నా, ప్లీజ్, బైఠ్ జావో నా! చూస్తుంటే నాకే టెన్షన్ వస్తోంది" అనేది హాసిని.

"కూకోవాలని నాకు మాత్రం లేదేటమ్మా?" అనేవాడు నడుస్తూనే.

ఆస్పత్రి ఓపీ వరండా ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉండేది. వాళ్ళ వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటిపోయేది. డాక్టరు చెడ్డవాడేం కాదు, తలెత్తే తీరిక లేదంతే. నిద్ర పడుతోందా, మందులు వేసుకుంటున్నారా అని అడిగి రాసిచ్చేవాడు. ఒకసారి జానకి ధైర్యం చేసి, "బహుత్ బేచైన్ రహతే హై, డాక్టర్ సాబ్" అంది. కాలు ఒకచోట నిలవడం లేదని ఆమె చెప్పాలనుకున్నది. ఆమెకొచ్చిన హిందీలో దొరికిన మాట ‘బేచైన్’, స్థిమితం లేదని. డాక్టరుకి అది మనసులోని కలవరంలా వినిపించింది. జబ్బు ఇంకా లొంగలేదనుకుని మాత్ర మోతాదు పెంచి, తరవాతి పేరు పిలిచాడు.

దాంతో కేశవరావుకి కంటిమీద కునుకు కూడా కరువైంది. కొన్నాళ్ళు సెలవు పెట్టమని ఆఫీసులో పై అధికారి మెత్తగా చెప్పాడు. ఒక మధ్యాహ్నం మెట్రో ప్లాట్‌ఫారం మీద నడుస్తూ నడుస్తూ అంచున ఉన్న పసుపు గీత దాటేశాడు. గార్డు విజిల్ వినిపించి ఉలిక్కిపడి వెనక్కి వచ్చాడు. పొరపాటున దాటాడో, కావాలనే దాటాడో తనకే తెలియలేదు. తిన్నగా ఇంటికొచ్చి ఆ మాట దాచకుండా చెప్పేశాడు.

"నా మనసుకేటీ కాలేదు జానకీ. ఈ కాళ్ళే నన్ను బతకనిచ్చేలా లేవు."

ఆ పూట తల్లీకూతుళ్ళు ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. దగ్గర్లోని ప్రభుత్వ డిస్పెన్సరీకి వారానికోసారి మానసిక వైద్యురాలు వస్తుందని హాసిని ఫోన్లు చేసి కనుక్కుంది. మర్నాడే ఆమె వచ్చే రోజు; ముగ్గురూ వెళ్ళారు. అలాంటిదొకటి ఉందని ఎవరికీ తెలియకనేమో, బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. కేశవరావు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతుంటే డాక్టరమ్మ కూర్చోమనలేదు. కాసేపు ఆయన పాదాల వైపే చూసి, హిందీలో అడిగింది.

"తిరగాలని మీ మనసు అంటోందా, కాళ్ళు అంటున్నాయా?"

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "కాళ్ళే మేడం. మనసు కూర్చోమనే ఏడుస్తోంది."

"ఇది మందు మొదలుపెట్టాక వచ్చిందా?"

"ఆ తరవాతే."

"అయితే ఇది మీ జబ్బు కాదు, మందు తెచ్చిన బాధ. కొందరికి ఇలా అవుతుంది. తగ్గించవచ్చు. మీ అంతట మీరు మాత్రం మందు మానకండి." అప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేసి మాట్లాడింది. మోతాదు తగ్గించి, ఇంకో చిన్న మాత్ర రాసింది. గీత దాటిన సంగతి కూడా అడిగి తెలుసుకుని, రెండు రోజులకోసారి ఫోన్ చేయమని జానకికి గట్టిగా చెప్పింది.

"నా హిందీయే కొంప ముంచేసింది" అని జానకి కళ్ళొత్తుకుంది.

"మీరు చెప్పారు కదా. విడమరిచి అడగాల్సింది మేము" అంది డాక్టరమ్మ.

కొద్ది వారాలకి కేశవరావు బల్ల ముందు కూర్చుని పప్పన్నం తిన్నాడు. జానకి అడక్కుండానే మారు వడ్డించింది.

ఒళ్ళు కుదుటపడ్డాక ఆయనకి కోపం వచ్చింది. ఆ వరండాలో ఇంకెందరు ఇలా తిరుగుతున్నారో! మానసిక ఆరోగ్య సేవలు మెరుగుపరచడానికి ఢిల్లీలోనే సాకేత్‌లో సలహాల సభ పెడుతున్నారని తెలిసి వెళ్ళాడు. పెద్దలు పడకల గురించి, డాక్టర్ల కొరత గురించి, హెల్ప్‌లైన్ల గురించి మాట్లాడారు. కేశవరావు చెయ్యెత్తి లేచాడు.

"సార్, అనుమానం జబ్బుకి మందు ఇచ్చిన ప్రతి మనిషినీ కాళ్ళు నిలుస్తున్నాయా అని అడగాలి. ఇంటివాళ్ళని వాళ్ళ భాషలో చెప్పుకోనివ్వాలి. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు."

చప్పట్లు కొట్టారు. నెల తరవాత సభ నివేదిక వచ్చింది. అందులో ఆయన మాట ‘రోగులలో అవగాహన పెంపొందించాలి’ అని మారిపోయి ఉంది. జీవితమంతా ఫైళ్ళు రాసిన మనిషికి ఆ కిటుకు తెలియనిది కాదు.

"అవగాహన మనకి కావాలంట జానకీ! వాళ్ళకి అక్కర్లేదంట!" అని పేపరు విసిరికొట్టాడు.

ఊరుకోలేదు. ఆస్పత్రి సూపరింటెండెంట్ గది చుట్టూ ఆ చలికాలమంతా తిరిగాడు. విసిగిపోయాడో, నిజంగానే ఒప్పుకున్నాడో, ఆ సూపరింటెండెంట్ చివరికి ఓపీ వరండాలో ఒక బల్ల వేయించాడు. తేజశ్రీ అనే నర్సు అక్కడ కూర్చుని, డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ప్రతివాళ్ళనీ కాళ్ళ సంగతి తీరిగ్గా అడిగి చీటీ మీద రాసి పంపేది. అలా అడిగాక ఎంతోమందికి మోతాదు మారింది. మంచి పనే జరుగుతోందనుకున్నాడు.

మొన్న వేసవిలో తన చెకప్‌కి వెళ్ళేసరికి బల్ల లేదు. తేజశ్రీని వేరే వార్డుకి మార్చారట. వరండాలో ఒకావిడ గోడ వెంట తిరుగుతోంది. ఆవిడ భర్త చెయ్యి పట్టి లాగి, "చుప్‌చాప్ బైఠో!" అని కసురుతున్నాడు. కేశవరావు ఆయన దగ్గరికి వెళ్ళి, "కసరకండి భయ్యా, ఆవిడ తప్పు కాదు" అని కాసేపు మాట్లాడాడు. లోపల డాక్టరుకి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో వివరించాడు. వాళ్ళ పేరు పిలిచేదాకా పక్కనే ఉండి, తలుపు వరకూ సాగనంపాడు.

తరవాత తిన్నగా సూపరింటెండెంట్ గదికి వెళ్ళాడు.

"స్టాఫ్ లేరు రావుగారూ. కొత్త పోస్టులు శాంక్షన్ కానివ్వండి, చూద్దాం."

"ఎప్పుడవుతాయి సార్?"

"నా చేతిలో ఉందా?"

"ఎవరి చేతిలో ఉందో చెప్పండి. అక్కడికే వెళ్తాను."

సూపరింటెండెంట్ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఒక అధికారి పేరు చెప్పాడు. కేశవరావు ఆఫీసుకి ఆ పూట సెలవు చెప్పి, జానకికి ఫోన్ చేశాడు.

"భోజనానికి రాను. నువ్వు తినేసీ."

"మళ్ళీ ఏటయింది?" అంది ఆమె కంగారుగా.

"బల్ల తీసీసారు" అన్నాడు, ఆటో ఎక్కుతూ.