ప్రెసిడెంటు గొంతుతో నేను చేసిన వాగ్దానం

సొంత పెదనాయనను ఎన్నికల్లో ఓడించిన ఘనుడి కథ చెబుతాను. ఎదుటి పక్షంలో చేరి ఓడించలేదు, పెదనాయన తరఫున ప్రచారం చేసి మరీ ఓడించాడు. కొరివితో తల గోక్కోవడం అంటారే, అక్కడ కొరివి నాది, తల ఆయనది.

ఎనభైల చివర్లో మాట. నాకు ఇరవై రెండేళ్లు. నాయకుల గొంతులు అనుకరిస్తూ వాళ్లనే ఏకిపారేయడం నా కళ. వనపర్తిలో మంత్రిని ఉతికితే చప్పట్లు, నాగర్‌కర్నూల్‌లో ఎమ్మెల్యేను ఆరేస్తే ఈలలు. నా దెబ్బకు ప్రభుత్వాలు కూలుతాయని నాకు గట్టి నమ్మకం. ఆ సంగతి ప్రభుత్వాలకే తెలియదు. గద్వాలలో మా ఇంట్లోనే చీరలు నేసే మగ్గం ఉన్నా, నేను దాని గుంటలో కాలు పెట్టి ఎరగను.

ఆ ఏడు మా నేత సంఘానికి ఎన్నికలొచ్చాయి. పాత ప్రెసిడెంటు నెలన్నరగా ఎవరికీ నూలు ఇవ్వడం లేదు. అడిగితే "పైనుంచి రాలె" అనేవాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఆయన మీద పోటీకి మా పెదనాయన దిగాడు.

"ఈసారి ఈన్ని దించకుంటే మన వాడకట్టుకు పస్తులేరా," అన్నాడు నాతో.

"ఫికర్ చెయ్యకు పెదనాయనా. ఒక్క మీటింగు పెట్టు. ఆయన పరువు కృష్ణల కలుపుత."

పెట్టాడు పాపం. నేను మైకు పట్టుకుని ప్రెసిడెంటునైపోయాను. అదే గొంతు, అదే దగ్గు, మాటకోసారి అదే "ఏమంటరు?" ముందు కూర్చున్న ఇరవై మంది పడీపడీ నవ్వారు. నవ్వు తలకెక్కితే నాలుకకు కళ్లెం ఉంటుందా, మీరే చెప్పండి!

"నూలు లేదని ఎవడన్నడు? మా ఇంటెన్క గడ్డికొట్టంల దాసిన. రేపు పొద్దుగాల రాండ్రి, మగ్గానికి రెండు కట్టలు పంచుత. ఏమంటరు?"

మా వాడల్లో ఒక ఆనవాయితీ ఉంది. చీరకు పట్టు అంచు కలిపే పనిలో ఉన్నవాళ్లు, మధ్యలో ఆపితే చెడుతుందని, మగ్గం వదిలి మీటింగులకు రారు. అందుకే సందుసందుకూ మైకులు కడతారు, వాళ్లు నేస్తూనే వింటారు. వాళ్లకు అందేది గొంతే, మొహం కాదు. మగ్గం మీద కూర్చున్న ఎవరికైనా ఇది తెలుసు. నాకే తట్టలేదు.

తెల్లారేసరికి ప్రెసిడెంటు ఇంటి ముందు జాతర. సంగతి తెలిసి నేనూ పెదనాయనా పరుగెత్తాం.

"ఏందయ్యా ఇదంత?" తలుపు తీసిన ప్రెసిడెంటు గుడ్లు తేలేశాడు.

"నిన్న మైకుల నువ్వే గద చెప్తివి, గడ్డికొట్టంల నూలున్నదని!"

ఆయన నోరు తెరిచేలోపు జనం కొట్టం తలుపు లాగేశారు. నేను నోటికొచ్చినట్టు కూసిన కూత కదా, లోపల గడ్డి తప్ప ఏముంటుంది అనుకున్నాను. గడ్డి వెనకాల నిజంగానే నూలు కట్టలు, దూలం దాకా! దొంగ దొరికాడని నా గుండె ఉప్పొంగింది. ప్రెసిడెంటు మాత్రం ఒక్కసారి దగ్గి, చేతులు జోడించాడు.

"అవ్, నేనే చెప్పిన. మీ కోసమే ఎలుకలు కొట్టకుంట కాపాడిన. తీస్కపోండ్రి. ఏమంటరు?"

"అబద్ధం! చెప్పింది నేను! అది నా గొంతు!" అని అరిచాను.

రెండు కట్టలు చంకన పెట్టుకున్న ఒక అవ్వ నా మీదికి వచ్చింది. "నోర్ముయ్‌రా! నీ జన్మల ఒకరికన్న ఒక్క పోగు ఇచ్చినవా? సారును అంటవా?"

వారానికి ఎన్నికలు జరిగాయి. పెదనాయనకు పడింది ఒకే ఒక్క ఓటు. మా నాయన సభ్యత్వం నా పేరుకు మారింది కాబట్టి నాకూ ఓటుంది. అందుకే లెక్క కుదరక ఆయన దగ్గరికి వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"ఊరంత మోసం చేసినా నీ ఓటు, నా ఓటు కల్పితే రెండు రావాలె గద పెదనాయనా?"

పెదనాయన కొత్త నూలు చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నూలిచ్చినోనికి ఓటెయ్యకుంటే పాపం తగులదా బిడ్డా?"

అదే రోజు స్నానం చేసి, తడిబట్టలతో ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ నాయకుడినైనా నా సొంత గొంతుతోనే తిడతాను. వాళ్ల గొంతుతో మాత్రం చచ్చినా జనానికి మేలు చెయ్యను.